ఆఁ అంటే రమ్మని కాదు

...కాదు, తీసేసినా బాగుండేది. ఉన్నదాన్ని నిలువునా పీకేస్తే మనిషి ఒక పూట తిట్టుకుంటాడు, రెండో పూటకి ఇంకో పనిలో పడతాడు. వాళ్లు తీసెయ్యలేదు. ఆట మెనూలో పేరు అలాగే ఉంచారు. మిగతా పేర్లన్నీ తెల్లగా మెరుస్తుంటే అదొక్కటే బూడిదరంగులో, పక్కన చీమతలంత అక్షరాల్లో ‘త్వరలో’ అని. బాణం గుర్తు దానిమీద ఆగదు. పైనించి కిందికి దిగుతూ దాన్ని దాటేసి అవతలిదానిమీద వాలుతుంది, పెళ్లిలో పడని చుట్టం ఎదురైతే మనవాళ్లు తల తిప్పుకుని పోయినట్టు.

రెండువేల ఏడు వేసవంతా నా బుర్రలో తిరిగింది ఇదే. ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి మరిగే రోజులవి. కూలర్ తిరిగితే కరెంటు ఉండేది కాదు, కరెంటు ఉంటే కూలర్‌లో నీళ్లుండేవి కావు. వాటిమీద రావలసిన కోపం కూడా తీసుకెళ్లి ఆ బూడిదరంగు పేరుమీదే పోశాను. ఆ వేసవి అయ్యేసరికి మా ఒక్క ఇల్లూ రెండిళ్లయింది. ఈ రెంటికీ సంబంధం ఉందంటే ఎవరైనా నవ్వుతారు. సైకాలజీ ఎమ్మే చదివినవాణ్ణి, నాకే నవ్వొస్తుంది. నవ్విన మరుక్షణం ఒళ్లు మండుతుంది.

ఆట పేరు ‘పెవిలియన్’. కంప్యూటర్‌లో ఆడే క్రికెట్. ఏటా కొత్తది వచ్చేది. ఆరో పెవిలియన్‌లో పార్ట్‌నర్‌షిప్ మోడ్ అని ఒకటి పెట్టారు. అందులో ఇద్దరు మనుషులు ఒకే జట్టుకి ఆడతారు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, ఇద్దరూ బ్యాట్స్‌మన్లే. కొట్టేది ఒకరు, పరిగెత్తేది ఇద్దరు. పరుగు బటన్ నొక్కితే మన బొమ్మ తలమీద ఒక పచ్చ దీపం వెలుగుతుంది. అవతలివాళ్లు దాన్ని చూసి బయల్దేరాలి. అంతే. మాట అక్కర్లేదు. నాకు తెలిసిన ఆటలన్నీ ఇద్దరు మనుషులు దొరికితే చాలు, ఒకరిమీదికి ఒకర్ని ఉసిగొల్పుతాయి. ఇదొక్కటే పక్కపక్కన కూర్చోబెట్టింది.

మేముండేది సాకేత్‌ని ఆనుకున్న ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో, మేడమీద బర్సాతీ గదిలో. అనుగ్రహ సాకేత్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే డ్యూటీకి పోయి మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. నాది గుడ్‌గావ్‌లో, అమెరికావాళ్ల ప్రింటర్లు మొరాయిస్తే ఫోన్లోనూ ఈమెయిల్లోనూ జోకొట్టే ఉద్యోగం. సాయంత్రం క్యాబ్ వచ్చేది. డ్రైవర్ దశరథ్ వీధి మొదట్లో నిలబడి హారన్ మీద చెయ్యి పెడితే నేను కనపడేదాకా తీసేవాడు కాదు. నేను తెల్లారి మెట్లెక్కుతుంటే తను దిగుతూ ఎదురయ్యేది. మూడింటి నుంచి దశరథ్ హారన్ దాకా ఉన్న ఆ కాస్త మధ్యాహ్నమే మా సంసారం.

తను ఢిల్లీలో పుట్టింది. వాళ్లమ్మ సువార్తగారు ఎప్పుడో చీరాల నుంచి స్టాఫ్ నర్సుగా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నాది బాపట్ల. చర్చి అయ్యగారు కుదిర్చిన సంబంధం. అనుగ్రహకి తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడుతుంది కూడా. కానీ వంట, ప్రార్థన తెలుగులో చేస్తుంది. కోపం, లెక్క, పరుగు హిందీలో. నేనా, మొదటినించీ నోరు పెగలని మనిషిని. పెళ్లయిన కొత్తలో ఆ మధ్యాహ్నాలు ఎలా గడిచేవో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. టీ తాగేవాళ్లం. తను గోళ్లు చూసుకునేది. నేను పాత పేపర్ మళ్లీ చదివేవాణ్ణి.

ఆ రోజుల్లో ఆరో పెవిలియన్ కొన్నాను, రెండు గేమ్‌ప్యాడ్లతో సహా. అంతే, ఇల్లు మారిపోయింది. తను చెప్పులు విప్పుతూనే, “టాస్ వెయ్ రూబెన్,” అనేది. నేను గోడ కట్టేవాణ్ణి, తను బాదేది. కళ్లు తెరమీద ఉంచి వార్డు కబుర్లన్నీ చెప్పేది. ఏ డాక్టర్ ఏ సిస్టర్‌ని ఏడిపించాడో, హెడ్ సిస్టర్ టిఫిన్ డబ్బాలో రోజూ ఏం మాయమవుతోందో. నేను ఆఁ, ఆఁ అంటూ బంతిని ఆపేవాణ్ణి. ఎదురుగా కూర్చుంటే పెగలని మాట పక్కన కూర్చుంటే దానంతటదే వచ్చేది, తనకి. నాకు వినడం వచ్చినట్టుండేది.

ఏప్రిల్‌లో ఏడో పెవిలియన్ వచ్చింది. నెహ్రూ ప్లేస్ దుకాణంవాడు పాతది తెస్తే కొత్తది కాస్త తగ్గించి ఇస్తానన్నాడు. ఇచ్చేసి వచ్చాను. ఇంట్లో కంప్యూటర్‌లో చోటు చాలక అందులోని పాతదాన్నీ తుడిచేశాను. అప్పుడు తెరిచాను కొత్తది.

“ఏంటి, బటన్ దబట్లేదా?” అంది అనుగ్రహ, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుంటూ. “జోర్‌సే నొక్కు.”

“బటన్ బానే ఉంది. మోడ్ లేదు.”

“లేకపోవడమేంటి? పేరు కనపడుతోందిగా.”

“పేరే ఉంది.”

“అచ్ఛా. మా చర్చి యూత్ కమిటీ లాగ.” నవ్వి తన గేమ్‌ప్యాడ్ తీసుకుంది. “పోనీ ఎదురెదురుగా ఆడదాం. నువ్వు బౌలింగ్, నేను బ్యాటింగ్.”

ఆడాం. నాలుగు రోజులు కూడా సాగలేదు. “మాటిమాటికీ నా కాళ్లకే వేస్తావేంటి?” అని తను. “యార్కర్ అంటే కాళ్లకే వేస్తారు” అని నేను. ఓడినవాళ్లు టీ పెట్టాలా, గెలిచినవాళ్లు పెట్టాలా అన్నదానిమీద ఒక రోజంతా మూతి ముడుచుకున్నాం. ఆటలో ఓడించడం కోసం మొగుడూపెళ్లాలు కంప్యూటర్ దాకా పోవాలా? తను మెల్లిగా చున్నీ తడిపి మొహాన కప్పుకుని మధ్యాహ్నాలు పడుకోవడం మొదలెట్టింది. నేను ఫోరం మొదలెట్టాను.

ఆ కంపెనీ తన వెబ్‌సైటులో ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి ఒక చోటు పెట్టింది. నేను పోయేసరికే అక్కడ ‘మా పార్ట్‌నర్‌షిప్ ఏది?’ అనే చర్చ నడుస్తోంది. లీసెస్టర్ నుంచి ఒక బస్సు డ్రైవరు, డర్బన్ నుంచి ఒక కాలేజీ పిల్ల, కొలంబో నుంచి ఒకాయన. కొలంబో ఆయన ప్రతిసారీ ఒకే వాక్యం రాసేవాడు: “మా నాన్న అడుగుతున్నారు.” ఇంకేమీ రాసేవాడు కాదు. నేను మాత్రం పేజీలకి పేజీలు రాశాను. నోరు పెగలనివాడి వేళ్లకి పూనకం వస్తే ఎలా ఉంటుందో అక్కడ చూసుకున్నాను. కొత్త ఆటలో ఆటగాళ్ల మెడమీద చెమట చుక్కలు జారతాయి. కళ్లజోళ్లలో స్టేడియం ప్రతిబింబిస్తుంది. అంపైరు టోపీ మనం ఎంచుకోవచ్చు. అంపైరు టోపీ! ఆ టోపీలు కుట్టిన మనిషి ఒక్క మధ్యాహ్నం ఇటు తిరిగి కూర్చుంటే మా మోడ్ మాకు వచ్చేది కాదా అని రాశాను. లీసెస్టర్ డ్రైవరు చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టాడు.

కంపెనీ తరఫున ఒకడు జవాబిచ్చాడు. “మీ అభిమానానికి కృతజ్ఞతలు. మీ అభిప్రాయాన్ని మా బృందానికి చేరవేశాం.” ఆ వాక్యం నాకు తెలుసు. ప్రింటర్ల ముసలమ్మలకి నేను రోజూ పంపేది అదే. విన్నాం, ఇక పో, అని దాని అర్థం. నేనే వండి వడ్డించే అన్నం నాకే తెచ్చి పెట్టాడు. గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పాడు: ఆ మోడ్ ఆడేవాళ్లు నూటికి ఇద్దరేనట. ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారని వాడికి తోచలేదు.

మే నెల మధ్యలో ఒక రోజు. తను డ్యూటీ నుంచి వచ్చింది. నేను కంపెనీవాడికి జవాబు రాస్తున్నాను.

“రూబెన్, ఒకటి అడగాలి.”

“ఆఁ.”

“ఇప్పుడు చెప్పనా?”

“ఆఁ.”

చెప్పింది. చాలాసేపే చెప్పింది. కూలర్ హోరులో తన గొంతు హెచ్చుతగ్గులు మాత్రం వచ్చిపోతున్నాయి. నూటికి ఇద్దరన్నమాట నన్ను కాల్చుకు తింటోంది. దానికి తగిన వాక్యం ఒకటి వేళ్ల చివరికి వచ్చింది: ‘మీరు మాకు లేదని చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు, ఇంతకంటే లేదనడమే మర్యాద.’ టైపు చేస్తున్నాను. తన గొంతు ఆగినట్టు కూలర్ శబ్దం పెరగడాన్నిబట్టి తెలిసింది.

“మరి, ఒప్పుకోనా?”

“ఆఁ.”

“ఆలోచించే అంటున్నావా?”

“ఆఁ, ఆఁ.”

తర్వాత ఆరేసిన బట్టలు తియ్యడానికి బయటికి పోయింది. నా వాక్యానికి సాయంత్రంలోగా డర్బన్ పిల్ల మెచ్చుకోలు వచ్చింది.

ఆ తర్వాతి వారాల్లో తను కాస్త ముభావంగా ఉందని నేను గమనించకపోలేదు. గమనించాను. మోడ్ లేకపోవడం వల్లే అనుకున్నాను. ఇంకా ఉధృతంగా రాశాను, మా ఇద్దరి తరఫునా.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి అవగానే సువార్తగారు మా ఇంటికొచ్చారు, దిల్షాద్ గార్డెన్ నుంచి రెండు బస్సులు మారి, ఎండు రొయ్యల పొడి సీసాతో. నేను కుర్చీలోంచి సగం లేచాను.

“వందనాలత్తయ్యా.”

“వందనాలు బాబూ. ఆదివారం పూట కూడా ఆ డబ్బా ముందేనా? దేవుడి దగ్గరైనా ఇంతసేపు కూర్చోవు.” మంచం మీద కూర్చుని పమిటతో విసురుకున్నారు. “మీ మామగారున్నన్నాళ్లూ పేకాట. ఇప్పుడు అల్లుడికి ఇది. నా రాత.”

“ఆడట్లేదమ్మా. కంప్లైంట్ రాస్తున్నాడు,” అంది అనుగ్రహ వంటగట్టు దగ్గర్నించి.

“ఎవరిమీదే?”

“ఆట తయారుచేసినోళ్ల మీద.”

“ఆట బాలేకపోతే మానేస్తారు గానీ కంప్లైంటేంటి బాబూ? రేషన్ షాపా?”

“అది వేరత్తయ్యా,” అన్నాను.

సరిగ్గా అప్పుడే లీసెస్టర్ డ్రైవరు పెద్ద అక్షరాల్లో పెట్టాడు: కంపెనీ దిగివచ్చింది, వచ్చే సవరణలో మన మోడ్ ఇస్తున్నారు. కుర్చీ ముందుకి లాక్కున్నాను. వెనక అత్తగారు ఏదో అంటున్నారు.

“ఫరీదాబాద్‌లో నీళ్లు ఉప్పగా ఉంటాయంట బాబూ. అక్కడుండే మా మరియమ్మకి జుట్టంతా ఊడిపోయింది.”

“ఆఁ.”

“నువ్వు ఒప్పుకున్నావంటే నేను నమ్మలేదనుకో. మగాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు.”

“ఆఁ, అత్తయ్యా.”

ఆవిడ కూతురివంక చూసినట్టున్నారు. “మంచి అల్లుణ్ణే ఇచ్చాడు దేవుడు,” అన్నారు. ఆ మాటలో ఏదో మెలిక ఉందని ఆ తర్వాత చాలాకాలానికి తట్టింది. అప్పుడు మాత్రం నేను కొలంబో ఆయనకి రాస్తున్నాను, మీ నాన్నగారికి చెప్పండి, వస్తోంది అని.

ఆ సవరణ ఇంటర్నెట్ నుంచి దిగడానికి రోజులు పట్టింది. ముప్పావు వంతు వచ్చాక కరెంటు పోయేది. మళ్లీ మొదటినించి. అది పూర్తయిన రోజు మధ్యాహ్నం ఆకాశం పసుపుపచ్చగా మారి ఆంధీ, అంటే దుమ్ముగాలి, వచ్చేలా ఉంది. నేను తన గేమ్‌ప్యాడ్ తుడిచి సిద్ధంగా పెట్టాను. అనుగ్రహ వచ్చి, చెప్పులు విప్పి, తెరవంక చూసింది. అక్కడ మా పేరు తెల్లగా మెరుస్తోంది.

“వచ్చేసిందా?” మొహం విప్పారింది. చాలారోజుల తర్వాత. “హట్, జరుగు. టాస్ వెయ్.”

మొదలెట్టాం. తను కవర్స్‌లోకి కొట్టింది. నేను తన బొమ్మ తలవంక చూస్తూ కూర్చున్నాను.

“దీపం ఏదీ?”

“ఏ దీపం?”

“పచ్చ దీపం. బటన్ నొక్కావా అసలు?”

“రెండుసార్లు నొక్కాను. నువ్వెందుకు కదల్లేదు?”

మెనూలు తిరగేశాను. సెట్టింగులు వెతికాను. దీపం లేదు. మోడ్ ఇచ్చారు, దీపం మరిచిపోయారు. అంటే ఇచ్చేముందు ఆ కంపెనీలో ఒక్కడంటే ఒక్కడు, ఒక్క ఓవరైనా ఇంకో మనిషితో కలిసి ఆడి చూడలేదు.

“చూశావా!” అన్నాను. “కళ్లజోడులో స్టేడియం కనపడాలంట! పక్కనోడు వస్తున్నాడో లేదో కనపడక్కర్లేదంట!”

“అరే, అరుస్తావెందుకు? నోరుందిగా. నోటితో చెప్పుకుందాం. గ్రౌండులో అసలు ప్లేయర్లు చేసేది అదేగా.”

నాకెందుకో ఆ ఉపాయం నచ్చలేదు. కానీ ఒప్పుకున్నాను.

నేను మిడాన్ వైపు తోశాను. “సింగిల్?” అంది తను. నాకు సరిగ్గా వినపడక, “ఆఁ?” అన్నాను. తన బొమ్మ దూసుకొచ్చింది. నా బొమ్మ గీతలోపలే నిలబడి ఉంది. వికెట్లు ఎగిరాయి.

“వచ్చేశావేంటి!”

“నువ్వే ఆ అన్నావు.”

“ఏంటి అని అడిగాను.”

“సరే, ఛలో. ఇంకోసారి.”

ఇంకోసారి తను కొట్టింది. ఒక పరుగు తీశాం. “రెండోది తీద్దామా?” నేను ఫీల్డర్‌ని చూస్తూ, ఆలోచిస్తూ, “ఆఁ...” అన్నాను. తిరిగి పరిగెత్తింది. అవుట్. మూడోసారి తను దశరథ్ గురించి ఏదో అంటుంటే ఆఁ అన్నాను. దానికీ పరిగెత్తింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకోవడం మొదలైంది. నాకు కంపెనీమీదున్నదంతా ఒక్కసారి నోటికొచ్చింది.

“ఆఁ అంటే రమ్మని కాదు!”

“ఆ అంటే ఆ! ఆ జా! దునియా మొత్తానికి ఆ అంటే రమ్మనే.”

“దునియాకి కాదు, ఢిల్లీకి. మా బాపట్లలో కాదు.”

“అచ్ఛా, పోనీ బాపట్లలోనే చూద్దాం. అక్కడ ఆ అంటే అవును అనేగా? అవునంటే పరిగెత్తమనేగా? హిందీలో విన్నా అవుటే, తెలుగులో విన్నా అవుటే. నీ ఆ ఏ భాషది రూబెన్?”

అది నిజంగానే ప్రశ్న. నేను గేమ్‌ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని ఆలోచించాను. “ఆఁ అంటే... విన్నాను అని. వింటున్నాను, కానియ్ అని. అంతే.”

“ఒప్పుకున్నట్టు కాదు.”

“కాదు.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ.”

తెరమీద మా రనవుట్‌ని అటునించీ ఇటునించీ మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. చెమట చుక్కలు చాలా బాగా జారుతున్నాయి.

“మరి ఫరీదాబాద్‌కి ఆ అన్నావే,” అంది మెల్లిగా.

“ఏ ఫరీదాబాద్?”

తను నావంక చూసింది. తర్వాత గేమ్‌ప్యాడ్ వైరుని, ఆసుపత్రిలో బీపీ మిషను పట్టీ చుట్టినట్టు, మెలికలు లేకుండా చుట్టి బల్లమీద పెట్టింది. లేచి కిటికీలు మూయసాగింది. అప్పటికే నేలంతా ఎర్రటి దుమ్ము.

అటు తిరిగే చెప్పింది. వాళ్ల ఆసుపత్రి ఫరీదాబాద్‌లో కొత్త బ్రాంచి తెరుస్తోంది. అక్కడి ఐసీయూకి తనని ఇన్‌ఛార్జ్‌గా వేస్తామన్నారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి కాబట్టి అక్కడే నర్సుల హాస్టల్లో ఉండాలి. భర్తలకి చోటు లేదు. నేను ఒప్పుకున్నానని తనూ ఒప్పుకుంది. జూలై మొదట్లో చేరాలి.

“నువ్వు వద్దంటావేమోనని భయపడుతూ అడిగాను,” అంది. “ఆఁ అనేసరికి ఇంకా భయమేసింది.”

ఇటువంటప్పుడు మనిషి మనసు ఏం చేస్తుందో నేను పుస్తకాల్లో చదివాను. అసలు నొప్పి దగ్గరికి పోకుండా పక్కనున్న చిన్న నొప్పిని పట్టుకుని వేలాడుతుంది. దానికి పేరు కూడా ఉంది. ఆ పేరు గుర్తొచ్చింది, అయినా సరే నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

“ఆ దీపం గనక తీసెయ్యకుండా ఉండుంటే...”

“దీపం ఉండుంటే నాకిది తెలిసేదే కాదు,” అంది అనుగ్రహ. చీపురు తీసింది. “మానెయ్యమంటావా? మానెయ్యమంటే ఇప్పుడైనా ఫోన్ చేస్తా. చెప్పు.”

ఎన్నో ఏళ్ల నుంచి ఎదురుచూస్తున్న పోస్టు అది తనకి. వార్డు కబుర్లలో ఆ మాట నేను లెక్కలేనన్నిసార్లు విని ఉండాలి. వద్దు అనడానికి నోరు రాలేదు. వెళ్లు అనడానికీ రాలేదు. రెండు మాటలూ గొంతులో ఒకదానికొకటి అడ్డంపడి నిలబడ్డాయి, అచ్చం పిచ్ మధ్యలో చిక్కిన ఇద్దరిలా. కింద దశరథ్ హారన్ మోగింది. ఆపకుండా మోగింది.

“పో,” అంది తను. “వాడు వీధి లేపేస్తాడు.”

పోయాను. ఆ రాత్రి ఆఫీసులో ప్రింటర్ పనిచెయ్యని ఒక ముసలమ్మకి, మీ అభిప్రాయాన్ని చేరవేశాం అని రాయబోయి, చెయ్యి రాక, ఫోన్ చేసి ఆవిడ చెప్పేదంతా విన్నాను. ప్రింటర్ బాగుపడలేదు. ఆలస్యం చేశానని మా బాసు చీవాట్లు పెట్టాడు.

జూలై వచ్చింది. వాన రాలేదు, ఉక్క వచ్చింది. అనుగ్రహ ఒక ట్రంకూ ఒక పరుపూ తీసుకుని వెళ్లింది. కుక్కర్ నాకు వదిలేసింది. వెళ్లేముందు, “అన్నానికి రెండు విజిళ్లు, పప్పుకి నాలుగు,” అంది. “ఆఁ” అనబోయి పళ్లు బిగించుకున్నాను. ఏమీ అనకపోవడం దానికంటే మెరుగేమీ కాదని తను మెట్లు దిగాక తెలిసింది.

ఆ వారంలోనే కంపెనీ ఫోరంలో మా చర్చకి, ఇంకెవరూ రాయకుండా, తాళం వేసింది. ఏడో పెవిలియన్‌కి ఇక సవరణలు ఉండవట. ఎనిమిదోది తయారవుతోందట, అందులో వర్షం పడేటప్పుడు పిచ్ మీద కప్పే పట్టాలు నిజమైన వాటిలాగే ముడతలు పడతాయట. దీపం గురించి ఒక్క ముక్క లేదు. తాళం పడేముందు కొలంబో ఆయన ఎప్పటిలా ఒక వాక్యం రాశాడు. “మా నాన్న అడగడం మానేశారు.” దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏమైందండీ అని ఆయన్ని అడుగుదామనుకునేసరికి తాళం పడిపోయి ఉంది.

రెండో ఆదివారం ఫరీదాబాద్ బయల్దేరాను. ఆ ప్రయాణం ఎంత చిరాకో చెప్పడం మొదలెడితే ఇంకో కథవుతుంది. బదర్‌పూర్ బోర్డర్ దగ్గర బస్సు నిలబడిపోయింది. పక్కసీటాయన నా భుజంమీద నిద్రపోయాడు. అక్కణ్ణించి ఎక్కిన ఆటోవాడు ఆసుపత్రి తెలుసన్నాడు, తెలియదు. హాస్టల్ గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

“కౌన్?”

“హస్బెండ్.”

“సబ్ యహీ బోల్తే హై,” అన్నాడు, అందరూ ఇదే చెబుతారని మొహం చిట్లించి.

లోపలికి కబురు పంపితే అనుగ్రహ వచ్చింది. తెల్లకోటు వేసుకుంది, కళ్లకింద నలుపు ఉంది, కానీ నడకలో ఏదో కొత్త నిటారుతనం. రోడ్డవతల టీ బండి దగ్గర రెండు స్టూళ్లుంటే ఎదురెదురుగా కూర్చున్నాం. చూడ్డానికి ఇంకేమీ లేదు, ఒకరి మొహం ఒకరికి తప్ప. టీ చల్లారిపోయింది. నేను ఎదురుగా ఉన్న చెక్క బల్లమీద ఈగని చూశాను. ఇంత దూరం వచ్చింది ఈగని చూడ్డానికా అని నామీద నాకే మంటెత్తింది.

“నీళ్లు ఉప్పగానే ఉన్నాయా?” అన్నాను చివరికి.

తను ఆశ్చర్యంగా చూసింది. “అలవాటైంది,” అంది. తర్వాత తనే మొదలెట్టింది. “మా దగ్గర సదాశివరావుగారని ఒకాయనున్నాడు, మన తెనాలి వైపాయనే. ముక్కులో గొట్టం. ఏం తినకూడదు. రోజూ నన్ను పిలిచి, సిస్టరమ్మా, మామిడిపండు అంటాడు. వాళ్లమ్మాయి నిన్న చున్నీలో దాచి ఒకటి తెచ్చేసింది. బంగినపల్లి. ఇంత బారు. వార్డంతా వాసన. నేను వెళ్లేసరికి కోస్తోంది. ఆయన నావంక చూశాడు, పిల్లాడిలాగ. ఆవిడేమో ఏడుపు...”

అక్కడ ఆపేసి రోడ్డువంక చూసింది. బదర్‌పూర్ బస్సు దుమ్ము రేపుకుంటూ వస్తోంది.

“నీ బస్సు. ఇది పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో. డ్యూటీ ఉందిగా నీకు?”

ఉంది. ఆదివారాలు మాకు సెలవు కాదు. దశరథ్ ఈపాటికి బయల్దేరి ఉంటాడు. నేను లేచాను. కండక్టర్ ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, “ఆ జావో, ఆ జావో!” అని అరుస్తూ బస్సు రేకుమీద బాదుతున్నాడు. అనుగ్రహ రెండు గ్లాసులూ బండివాడికి అందిస్తోంది. తను చెప్పేది సగంలోనే ఉంది. దాన్ని అలాగే ఉంచేసుకోవడం తనకి ఎంత అలవాటైపోయిందో ఆ గ్లాసులు అందించే తీరులో కనపడింది.

స్టూలుమీద మళ్లీ కూర్చున్నాను. బస్సు కాసేపు ఊగి, పొగ వదిలి, పోయింది.

“అయితే ఆ మామిడిపండు ఏం చేశావు?” అని అడిగాను.